చేటలో చిలుక

మా అక్క చనిపోయిన మూడో రోజు తాండూరులో, కాగ్నా నది ఒడ్డున, కాకి కోసం నిలబడ్డాం.

మా వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, అందరూ పక్కకు జరుగుతారు. పిట్ట వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ తినరు. ఎంతసేపటికీ ముట్టకపోతే, పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని అనుకుంటారు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఆ మిగిలిందేమిటో ఊహించి, మాట ఇవ్వాలి.

ఆ రోజు విస్తట్లో అన్నం, పప్పు, గారెలు, అక్కకు ఇష్టమైన పోలెలు ఉన్నాయి. ఒడ్డున తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కుతోంది.

"ఊకె నిలవడితె ఎట్ల? ఏం మనసుల వెట్టుకున్నదో అడుగున్రి," అంది మా మేనత్త. మా ఇళ్లల్లో ఇలాంటి పనులన్నీ ఆమే నడిపిస్తుంది.

అక్కకు ఒక్కడే కొడుకు. హైదరాబాద్‌లో ఉద్యోగం. వాడు ముందుకొచ్చి, "అమ్మా, నాయినను నేను మంచిగ సూస్కుంట. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు. కాకులు కదల్లేదు.

తర్వాత బావ. తాండూరు గంజి మార్కెట్‌లో కందిపప్పు బేరం చేసేటప్పుడు ఆయన ముందు ఎవరూ మాట్లాడలేరు. అలాంటిది విస్తరి ముందు నిలబడితే ఏం మాట్లాడాలో తోచలేదు. చివరికి, "బీపీ గోలీలు టైముకు ఏస్కుంట," అన్నాడు.

"గా మాట ఆమె ఉన్నప్పుడు చెప్తే ఇంకింత మంచిగుంటుండె," అంది మేనత్త. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు.

ఇంకెవరూ ముందుకు రాలేదు. అందరూ నా వైపు చూశారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వంటింటి గడప దగ్గర, చేటలో, అక్క పెంచిన చిలుక కూర్చుని ఉంది. వచ్చేపోయే వాళ్లందరి కాళ్ల వైపు చూస్తోంది. అది గుర్తొచ్చింది.

"అక్కా, నీ చిలుకను నేను తీస్కపోత," అన్నాను.

ఒక కాకి దిగి, గారె ముక్క అందుకుని పోయింది.

"సూసినవా? పానమంత దాని మీదనే ఉండె," అంది మేనత్త. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను ఇలాంటివి నమ్మను. అప్పటికి మేమంతా కొంచెం వెనక్కి జరిగాం. కాకికీ ఆకలేసి ఉంటుంది. కానీ మాట ఇచ్చింది నేను, అక్క పేరు మీద.

ఆ చిలుక అక్క దగ్గరికి వచ్చి నాలుగేళ్లు దాటింది. ఒక ఎండాకాలం గాలివానకు ఇంటి వెనక వేపచెట్టు కొమ్మ విరిగి, తొర్రలో ఉన్న పిల్ల కింద పడింది. అప్పటికి దానికి ఈకలు కూడా సరిగా రాలేదు. కుడి కాలు పిడికిలిలా ముడుచుకుపోయింది. మళ్లీ తెరుచుకోలేదు. ఎడమ రెక్కను పిల్లి పట్టుకుంటే అక్క విడిపించింది. ఆ రెక్క ఇప్పటికీ వేలాడుతుంది. ఎగరలేదు, కొమ్మను పట్టుకుని కూర్చోలేదు. అందుకే పంజరం దానికి పనికిరాలేదు. అక్క తను పప్పు చెరిగే పాత చేటలో గోనెపట్టా పరిచి, దాన్ని అందులో పెట్టింది. నడవాలనుకుంటే ముక్కును ముందుకు ఆనించి, దాని మీద బరువు మోపి, మంచి కాలును లాక్కుంటుంది. మూడు అడుగుల దూరం పోవడానికి చాలాసేపు పడుతుంది. ఎవరన్నా ఎత్తుకోబోతే కరుస్తుంది.

మెడ చుట్టూ ఎర్రగీత వచ్చాక అది మగదని తెలిసింది. అప్పటికే అక్క దాన్ని బిడ్డా అని పిలవడానికి అలవాటు పడింది. మా దిక్కు బిడ్డ అంటే కూతురు.

"మగ చిలుకను పట్టుకొని బిడ్డా అంటవేందే?" అనేవాడు బావ.

"నీకెందుకయ్యా, పిలిస్తే పలుకుతున్నది గద."

చిలుకను ఇంట్లో పెట్టుకోకూడదన్న చట్టం నాకు తెలుసు. ఎగరగలిగేదే అయితే అనంతగిరి అడవిలో వదిలి వచ్చేవాణ్ని. ఇది నేల మీద ఉంటే పొద్దుగూకకముందే కుక్కో పిల్లో పట్టుకుంటుంది.

తాండూరు నుంచి వికారాబాద్‌కు పాసింజర్ రైల్లో తెచ్చాను. చేట ఒళ్లో పెట్టుకుని, పైన అక్క పాత చీర ముక్క కప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చీర అంచు ఎత్తి చూసి, "గిణి!" అంది కన్నడంలో, చిలుక అని. ముడుచుకున్న కాలు చూసి, "అయ్యయ్యో," అని తన సంచిలోంచి జాంకాయ తీసి, కొరికి, ఒక ముక్క దాని ముందు పెట్టింది. మిగతాది తను తింటూ కూర్చుంది. చిలుక ఆ ముక్కను కొంచెం గీకింది. రైల్లో అందరూ దాన్నే చూస్తున్నారు. ఒకాయన, "మాట్లాడుతదా?" అని అడిగాడు. మాట్లాడదని చెబితే ఆయనకు దాని మీద ఆసక్తి పోయింది.

ఆ జాంకాయ సంగతి నేను అప్పుడే గమనించి ఉండాల్సింది.

వికారాబాద్‌లో మా ఇల్లు చిన్నది. నేనూ నా భార్యా ఉంటాం. తాండూరు ఇంట్లో పాతకాలం బండలు గరుకుగా ఉండేవి. మా ఇంట్లో నున్నటి టైల్స్. చేటలోంచి దిగగానే దాని ఒంటికాలు జారి, రొమ్ము మీద పడింది. లేవడానికి ముక్కుతో గీరుకుంది, మళ్లీ జారింది. నా భార్య చూసి, వెనక గదిలోంచి రెండు గోనెసంచులు తెచ్చి, కత్తిరించి, వంటింట్లో పరిచింది. చిలుక వస్తోందని ముందుగా చెప్పనందుకు నా మీద కోపంగా ఉంది. కోపం నా మీదే, దాని మీద కాదు.

అసలు కష్టం తిండి దగ్గర మొదలైంది.

నానబెట్టిన శనగలు పెట్టాను. ముట్టలేదు. జాంపండు, పచ్చిమిరపకాయ, ఉడకబెట్టిన మొక్కజొన్న పెట్టాను. పుస్తకాలు చదివే అలవాటు ఉన్నవాణ్ని కాబట్టి చిలుకల గురించి దొరికిందల్లా చదివాను. చిలుక ఒక కాలితో నిలబడి, రెండో కాలితో తిండిని పట్టుకుని తింటుందని రాశారు. దీనికి రెండో కాలు లేదు. పట్టుకోలేక తినడం లేదేమో అనుకుని అన్నీ చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టాను. మెత్తగా నలిపి పెట్టాను. అది తల పక్కకు వంచి ఒక కంటితో గిన్నెను, మరో కంటితో నన్ను చూసేది.

మనిషి దగ్గరుంటే బెదురుతుందేమోనని గిన్నె పెట్టి గడప అవతలికి వచ్చేవాణ్ని. అక్కడ నిలబడి, చప్పుడు చేయకుండా చూసేవాణ్ని. ముందు అది తినాలి, తర్వాతే మేము అన్నట్టు మా తిండి కూడా ఆపేవాణ్ని. అలా చేయాలని ఎవరూ చెప్పలేదు. అదే సరైన పద్ధతని ఒంట్లో ఎక్కడో ఉంది.

బావకు ఫోన్ చేశాను. "అక్క ఏం పెడుతుండె దీనికి?"

"ఏమో రా, ఏదో ఒకటి పెడుతుండె. పొద్దున పోతే రాత్రికి వచ్చేటోన్ని, నాకేం ఎరుక? మొన్న ఇంటి నిండ మంది ఉన్నప్పుడు మంచిగనే తిన్నది గద. నువ్వు గూడ సూస్తివి."

చూశాను. చుట్టాలంతా వరుసగా కూర్చుని తింటుంటే మేనత్త విస్తరి అంచున చిలుక అన్నం మెతుకులు ఏరుకుంది. ఇక్కడ అదే అన్నం పెడితే వాసన కూడా చూడలేదు.

పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు దాన్ని గుడ్డలో చుట్టి, రొమ్ము తడిమి చూశాడు.

"సార్, బర్రె తినకపోతే నోరు తెరిచి గొట్టం పెట్టి పోస్తం. దీనికి గట్ల పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది. డ్రాపర్‌తోని చుక్క చుక్క పట్టున్రి. ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

"మా అక్క. దీన్ని పెంచింది ఆమెనే."

"మరి దానికి గూడ ఉంటది గద." రొమ్ము ఎముక మీద నా వేలు పెట్టించాడు. కత్తి అంచులా తగిలింది. "గిది ఇంక సన్నవడితే ఆగదు. డ్రాపర్‌తోని ఎన్ని దినాలు బతుకుతది? తనంతట తాను తినాలె. ఎట్లన్న జేసి తినిపియ్యున్రి."

రోజూ పెసర కట్టు, గ్లూకోజు నీళ్లు చుక్క చుక్క పట్టాను. సగం ఈకల మీదే పోయేది. పట్టినప్పుడల్లా కరిచేది. కొన్నాళ్లకు కరవడం మానేసింది. అది కరిచినన్ని రోజులూ నాకు అంత భయం వేయలేదు.

మేనత్త ఒకసారి ఫోన్ చేసి, "చిలుక మంచిగున్నదా?" అని అడిగింది. ఉన్నదని చెప్పాను. ఫోన్ పెట్టేశాక చేట దగ్గర కూర్చున్నాను. అక్క పోయిన రోజు నేను చేయగలిగింది ఏమీ లేదు. మధ్యాహ్నం పడిపోయింది, నేను రైలు దిగేసరికి అయిపోయింది. ఆమె కోసం చేయడానికి ఇక మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా నా చేతుల్లో పోయేట్టు ఉంది.

ఒక మధ్యాహ్నం నేను యథాప్రకారం గిన్నె పెట్టి గడప అవతల నిలబడ్డాను. నా భార్య జొన్నరొట్టెలు చేసి, పళ్లెంలో పెట్టుకుని, కాసేపు ఓపిక పట్టింది.

"ఇంక ఎంతసేపు?" అంది.

"జర ఆగు. ఇయ్యాల తింటదేమో."

"గిదేమన్న పిట్టకు పెట్టుడా, అది ముట్టినంకనే మనం తినాల్నా? వదినెకు మూడొద్దులు అయిపోయినయి. నా షుగర్ గోలీ ఏస్కొని గంటైతున్నది. కండ్లు తిరిగి వడితే నువ్వే ఎత్తుకపోవాలె దవాఖానకు. నీ చిలుక రాదు."

పళ్లెం తీసుకుని పోయి, చేట పక్కనే గోనెపట్టా మీద కూర్చుని, రొట్టె తుంచి తినడం మొదలుపెట్టింది. నేనేదో అనబోయాను. చిలుక తల ఎత్తింది.

ఆమె రొట్టెను పప్పులో అద్దుకుని నములుతోంది. చిలుక చేట అంచు మీద ముక్కు ఆనించింది. మంచి కాలు లాక్కుంది. అంచు దాటి గోనెపట్టా మీదికి ఒరిగింది. మళ్లీ ముక్కు, మళ్లీ కాలు. ఆమె చూసింది కానీ నమలడం ఆపలేదు. నా వైపు చూడలేదు. చిలుక పళ్లెం దాకా వచ్చి, అంచుకు రొమ్ము ఆనించుకుని, రొట్టె చివర ఒకటి కొరికింది. కింద పడింది. మళ్లీ కొరికింది. పళ్లెం అంచూ తన ముక్కూ కలిపి ముక్కను నొక్కిపెట్టుకుంది. రెండో కాలు చేయాల్సిన పని పళ్లెం అంచు చేసింది.

"నిలవడి ఏం సూస్తున్నవు? నువ్వు గూడ వచ్చి తిను," అంది నా భార్య మెల్లగా.

ముగ్గురం తిన్నాం. దాని ముక్కు స్టీలు పళ్లెం మీద టక్ టక్‌మని చప్పుడు చేసింది.

నాకు చిన్నప్పుడు, మేం బొంరాస్‌పేటలో ఉన్న రోజుల్లో, టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గాక కూడా నోరు చేదుగా ఉండి తినేవాణ్ని కాదు. అమ్మ బతిమాలేది, నాయిన తిట్టేవాడు. గిన్నె నా ముందు పెట్టి ఇద్దరూ నా నోటి వైపు చూసేవాళ్లు. అక్క అప్పుడు ఏడో తరగతో, ఎనిమిదో. బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి దించకుండానే నా పక్కన కూర్చుని, ఆ ఉప్పు లేని మెత్తటి అన్నం ముందు తను ఒక ముద్ద తినేది. తినమని నన్ను అడిగేది కాదు. బడిలో ఎవరు ఎవరితో కొట్లాడారో చెబుతూ తనే ఇంకో ముద్ద తినేది. మూడో ముద్దకు నా చెయ్యి గిన్నెలోకి పోయేది. "ఏయ్, నాకు ఉంచరా," అనేది. ఆ అన్నం ఎవరికీ రుచించేది కాదు. ఆమెకు రుచించి తిన్నదని చాలా ఏళ్లు అనుకున్నాను.

తర్వాత నేను చదువుకోవడానికి వికారాబాద్ వచ్చాను. ఆమె పెళ్లయి తాండూరు పోయింది. సెలవులకు పోతే స్టేషన్‌కే ఎదురొచ్చేది. ఇంటికి పోయేదాకా దారిపొడుగునా బండల మిల్లుల నుంచి లేచే తెల్లటి దుమ్ము. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడుతూనే ఉండేది. మధ్యాహ్నాలు గడపలో కూర్చుని కందిపప్పు చెరిగేది. చేటలో పప్పు ఎగిరి పడే చప్పుడు వింటూ, నేను చదువుకుంటూ, ఎప్పుడో నిద్రపోయేవాణ్ని. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాకందరికీ వడ్డించేది. తను ఎప్పుడు తినేదో గుర్తు చేసుకుందామంటే ఒక్క దృశ్యం కూడా రాలేదు, టైఫాయిడ్ నాటిది తప్ప.

ఆ సాయంత్రం బావకు ఫోన్ చేసి, చిలుక తిన్నదని చెప్పాను. సంతోషపడ్డాడు. తర్వాత అడిగాను.

"బావా, అక్క అన్నం ఎప్పుడు తింటుండె?"

"అంటే?"

"మధ్యానం. ఎప్పుడు, ఎవరితోని?"

"నాకు టిఫిన్ దుకాణానికే వస్తుండె గద. పనోడు తెస్తుండె. మధ్యానం ఇంట్ల ఎవరుంటరు రా? పిలగాడు పట్నం పోయినంక..." అని ఆగాడు. దుకాణంలో తూకం రాళ్ల చప్పుడు, ఎవరో బస్తాలు ఎత్తమంటున్న కేక వినిపించాయి.

"చిలుక ఉండె," అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ముందు మేము కూర్చుంటాం. ఇద్దరమూ ఎంత తగాదాలో ఉన్నా ఆ వేళకు గోనెపట్టా మీద కూర్చోవాల్సిందే. మేము తినకపోతే అది తినదు. చేటలో పట్టా రోజూ మారుస్తాం. రొమ్ము మీద ఒరిపిడికి పుండు లేచింది, దానికి డాక్టరు ఇచ్చిన మందు రాస్తాం. కొత్త ఈకలు వచ్చేటప్పుడు చిలుకలు కాలితో తల గోక్కుంటాయి. ఇది గోక్కోలేదు. ఎవరో ఒకరు గోటి కొనతో మెల్లగా గీకాలి. మొదట్లో నేను గీకబోతే కరిచింది. కరిచినందుకు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఇప్పుడు తనే తల వంచి నా చేతి కింద పెడుతుంది. నా భార్య దాన్ని బిడ్డా అని పిలవదు, "ఓయ్ చిలుకా" అంటుంది. దానికీ పలుకుతుంది.

ఒక ఇబ్బంది మిగిలింది. మా పళ్లాల అంచు ఎత్తు. దాని రొమ్ముకు ఒత్తుకునేది. బావతో మాటల్లో ఆ సంగతి చెప్పాను.

దుకాణం మూసి ఉన్న ఒక రోజు ఆయన వచ్చాడు. సంచిలో కందిపప్పు, జాంకాయలు, అడుగున ఒక పాత స్టీలు పళ్లెం. వెడల్పుగా, అంచు బాగా పొట్టిగా ఉంది.

"వంటింట్ల దేవులాడిన," అన్నాడు. "ఏది ఏడున్నదో నాకు తెల్వది. రెండు దినాలు వట్టింది. ఆమె తినే పళ్లెం ఇదే అనుకుంట. చిలుక గీతలున్నయి."

ఉన్నాయి. అంచు పొడుగునా సన్నగా.

మనిషి సన్నబడ్డాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. కొడుకు రమ్మన్నా హైదరాబాద్ పోలేదు. "తింటున్నవా బావా?" అంటే, "హోటల్ నుంచి తెప్పిస్తున్న. ఒక్కనికి ఏం వండుతం," అన్నాడు. గోలీలు మాత్రం టైముకు వేసుకుంటున్నానని చెప్పి, తనే నవ్వాడు.

నా భార్య ఆ పళ్లెంలోనే ఆయనకు రొట్టెలు, పప్పు పెట్టి, చేట పక్కన కూర్చోమంది. ఆయనకు కింద కూర్చోవడం కష్టమే, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. రొట్టె తుంచి, మొదటి ముక్క చిలుక ముందు పెట్టాడు. పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, అది ముడుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. చిలుక ఆయన్ను చూసింది, ముక్కను చూసింది. కదల్లేదు.

"తింటలేదు గదరా," అన్నాడు. "నా మీద కోపమున్నట్టున్నది."

"నువ్వు తిను బావా. ముందు నువ్వు తిను."

ఆయన నన్ను చూశాడు. తర్వాత రొట్టె పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు. చిలుక చేట అంచు మీద ముక్కు ఆనించి, కాలు లాక్కుని, గోనెపట్టా మీదికి దిగింది. ఆయన చెయ్యి ఆగింది.

"ఆపకు అన్నా, తింటనే ఉండు," అంది నా భార్య.

అది పళ్లెం దగ్గరికి వచ్చి, తనకు అలవాటైన చోట రొమ్ము ఆనించుకుని, రొట్టె అంచు కొరికింది. బావ తల వంచుకుని తింటున్నాడు. పళ్లెంలో రొట్టె అయిపోయింది. చిలుక మాత్రం ఖాళీ పళ్లెం మీద ముక్కుతో కొడుతూ ఉంది.

"ఇంకో రొట్టె ఉన్నదా చెల్లె?" అన్నాడు బావ.